తాకితే తల ఊపే గంగిరెద్దు: చేతిబొమ్మల డిజిటల్ పండుగ కార్డు వెనక ఉన్న పని

జనవరి రెండో వారం వచ్చేసరికి ఫోన్లు ముగ్గులతో, గాలిపటాలతో, చెరకుగడలతో నిండిపోతాయి. వాటిలో చాలావరకు కదలని బొమ్మలు, కొన్ని చిన్న వీడియోలు. ఎప్పుడో ఒకటి మాత్రం వేరుగా వస్తుంది. తెరిస్తే ఒక ఇంటి వాకిలి, పూర్తిగా తెల్లవారని వెలుతురు, దూరంగా భోగిమంట, ఓ పక్కన గంగిరెద్దు. అది ఊరికే నిలబడి అప్పుడప్పుడు చెవి ఆడిస్తూ ఉంటుంది. వేలితో తాకితే మెడలో గంటలు మోగుతాయి, తల ఊపుతుంది. వాకిట్లో చుక్కలు పెట్టి ఉంటాయి. వేలు ఆనించి లాగితే పిండి గీత వెంట వస్తుంది. గీతలన్నీ కాస్త వంకరగా, గీసిన చెయ్యి తెలిసేలా ఉంటాయి.

ఇలాంటి కార్డు అందుకున్నవారికి కొన్ని సందేహాలు వస్తాయి. ఇది వీడియో కాదా? ఎవరైనా కూర్చుని గీశారా, లేక రెండు వాక్యాలు రాసి ఏఐ చేత చేయించారా? కంప్యూటర్‌లో తయారైనదాన్ని చేతిపని అనవచ్చా? లింకు నొక్కితే ఫోనుకు ప్రమాదమా? వేర్వేరు విషయాలకు చెందిన ఈ ప్రశ్నలన్నీ 'డిజిటల్ గ్రీటింగ్' అనే ఒకే పేరు కింద కలిసిపోవడం వల్లే గందరగోళం. పైన చెప్పిన సంక్రాంతి వాకిలినే ఉదాహరణగా తీసుకుని వాటిని ఒక్కొక్కటిగా విడదీసి చూద్దాం.

కదలడం వేరు, బదులివ్వడం వేరు

యానిమేషన్‌లో నిజానికి ఏదీ కదలదు. ఒకదానికొకటి కొద్దిపాటి తేడా ఉన్న బొమ్మలు వేగంగా మారుతుంటే మనకు అవి విడివిడిగా తోచవు, ఒకే బొమ్మ కదిలినట్టు అనిపిస్తుంది. ఆ వరుసలోని బొమ్మలను మనిషి గీస్తే అది చేతి యానిమేషన్. కాగితం మీద పెన్సిలుతో గీసి స్కాన్ చేసినా, టాబ్లెట్ మీద స్టైలస్ అనే డిజిటల్ కలంతో గీసినా, మట్టిబొమ్మను కొద్దికొద్దిగా జరుపుతూ ఫోటోలు తీసినా ఈ కోవలోకే వస్తుంది.

ఇంటరాక్టివ్ అన్న మాటకు అర్థం ఇంకొకటి. చూసేవారు చేసే పనిని బట్టి తర్వాత జరిగేది మారాలి. వీడియోను ఆపవచ్చు, మళ్లీ మొదలుపెట్టవచ్చు, కానీ అందులో జరిగేది మారదు. జిఫ్ బొమ్మ కూడా అంతే. 1987లో వచ్చిన ఆ ఫైలు రకంలో ఒక్కో ఫ్రేముకు, అంటే తెరపై ఒకసారి కనిపించే చిత్రానికి, 256 రంగులే ఉంటాయి, శబ్దం ఉండదు, ఎవరైనా తాకిన సంగతి దానికి తెలియదు. బొమ్మ బదులివ్వాలంటే బొమ్మలతోపాటు 'ఇక్కడ తాకితే ఇది చెయ్యి' అనే నియమాలు కూడా కార్డులో ఉండాలి. ఆ నియమాలను నడిపేది ఫోనులోని బ్రౌజర్. కాబట్టి మన చేతికి కార్డుగా వచ్చినది నిజానికి ఒక చిన్న వెబ్ పేజీ.

బొటనవేలు చేసిన పని యంత్రానికి వెళ్లి, మళ్లీ వేలికి వచ్చింది

1868లో ఇంగ్లండులో జాన్ బార్న్స్ లినెట్ ఒక చిన్న పుస్తకానికి పేటెంట్ తీసుకున్నాడు. పుటలను బొటనవేలితో జారవిడిస్తే అందులోని బొమ్మ కదిలేది. నోటుపుస్తకం మూలల్లో బొమ్మలు గీసి పుటలు జారవిడిచిన ప్రతి బడిపిల్లకూ ఈ విద్య తెలుసు. అక్కడ వేగం చూసేవారి చేతిలోనే ఉంటుంది. నెమ్మదిగా వదిలితే బొమ్మ నెమ్మదిగా నడుస్తుంది, వెనక నుంచి వదిలితే వెనక్కి నడుస్తుంది.

సినిమా ఆ అధికారాన్ని ప్రొజెక్టరుకు అప్పగించింది. 1920ల చివర శబ్దం తోడయ్యాక సెకనుకు 24 ఫ్రేములన్న లెక్క స్థిరపడింది. ఎక్కడ ఆగాలి, ఎక్కడ వేగం పెంచాలి అనే నేర్పునంతా యానిమేటర్లు ఈ మారని కాలం మీదే కట్టుకున్నారు. తాకే తెర వచ్చి కాలాన్ని మళ్లీ చూసేవారి వేలికి ఇచ్చేసింది. యానిమేటర్‌కు అసలు చిక్కు అక్కడే ఉంది. సినిమాలో ఎద్దు ఎప్పుడు తల ఊపాలో గీసేవారే నిర్ణయిస్తారు. కార్డులో అవతలివారు రెండో సెకనులో తాకవచ్చు, నిమిషం ఆగి తాకవచ్చు, అసలు తాకకపోవచ్చు.

ఉదాహరణకు గంగిరెద్దునే ఎంచుకోవడానికి కారణం ఇదే. వాకిట్లోకి వచ్చిన బసవన్న అడిగే దాకా నిలబడి ఉంటాడు. 'అమ్మగారికి దండం పెట్టు' అనగానే తల ఊపుతాడు. ఊపాక మళ్లీ మొదటిలాగే నిలబడతాడు. ఇంటరాక్టివ్ యానిమేషన్ చేసే పని కూడా ఇంతే. అయితే గీసేవారికి ఇందులో కష్టమైనది తల ఊపించడం కాదు, నిలబెట్టడం.

ఇరవై నాలుగు బొమ్మల లెక్క

సెకనుకు 24 ఫ్రేములంటే 24 బొమ్మలు గీయాలని కాదు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే 12 సరిపోతాయి. చేతి యానిమేషన్‌లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి ఇది. ఆ లెక్కన 20 సెకన్ల వీడియోను ఎక్కడా పాత బొమ్మ వాడకుండా గీస్తే 240 బొమ్మలు.

మన కార్డుకు నిడివి లేదు. అందులో ఎద్దు నిలబడటానికి 8 బొమ్మలు, తల ఊపడానికి 10, భోగిమంటకు 6 అనుకుందాం. మొత్తం 24. ఇవే బొమ్మలు పది సెకన్లు చూసినవారికీ, పది నిమిషాలు చూసినవారికీ సరిపోవాలి. వీడియోలోనూ బొమ్మలను మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు గాని, అక్కడ ఎన్నిసార్లు వాడారో ముందే తెలుస్తుంది కాబట్టి అతుకును దాచడం సులువు. ఇక్కడ అలా కాదు. ఆరు మంట బొమ్మలను వరుసగా తిప్పితే అర సెకనుకొకసారి అదే మంట అదే చోట ఎగురుతుంది. కాసేపటికే కన్ను దాన్ని పట్టేస్తుంది. మంటకు ముందూ వెనుకా లేవు కాబట్టి, ఇప్పుడు కనిపించిన బొమ్మ వెంటనే మళ్లీ రాకూడదన్న ఒక్క షరతుతో మిగిలిన ఐదింటిలో ఏదో ఒకటి వచ్చేలా నియమం పెడితే చాలు. ఆ ఆరు బొమ్మలతోనే మంట తెరిపి లేకుండా రగులుతుంది.

ఎద్దు విషయంలో ఈ ఉపాయం చెల్లదు, ఒళ్లు మంటలా కదలదు కదా. నిలబడిన ఎద్దుకు ఒకే బొమ్మ పెట్టి ఊరుకుంటే పక్కన మంట కదులుతుండగా అది గోడమీది పటంలా ఉంటుంది. అందుకని గీసేవారు ఒకే భంగిమను మూడుసార్లు, కింది నుంచి వెలుగు వచ్చే లైట్ బాక్సు మీద కాగితం పెట్టి, మళ్లీ మళ్లీ గీస్తారు. ఎంత జాగ్రత్తగా గీసినా మూడు గీతలూ వెంట్రుకవాసి తేడాతో పడతాయి. ఆ మూడింటినీ మార్చి మార్చి చూపితే గీత సన్నగా వణుకుతుంది, ఎద్దు ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. నాకు ఈ పద్ధతి మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, ఎందుకంటే చెయ్యి చేసిన పొరపాటే ఇక్కడ ప్రాణంగా మారుతోంది. ఎనిమిదిలో మిగిలిన ఐదు బొమ్మలు చెవి ఆడించడానికి. అది కూడా గడియారం కొట్టినట్టు కాకుండా మూడు నుంచి ఏడు సెకన్ల మధ్య ఎప్పుడో ఒకప్పుడు జరగాలి.

వేలికి, బొమ్మకు మధ్య వచ్చే తగాదా

సెకనుకు 12 బొమ్మలంటే ఒక్కో బొమ్మ దాదాపు 83 మిల్లీసెకన్లు తెరపై ఉంటుంది. తాకిన తర్వాత సెకనులో పదో వంతులోపు ఏదైనా జరిగితే మనకు అది వెంటనే జరిగినట్టే అనిపిస్తుంది. అంటే ఎద్దు మామూలుగా నిలబడి ఉన్నప్పుడు తాకితే పేచీ లేదు, తర్వాతి బొమ్మ నుంచే తల ఊపడం మొదలుపెట్టవచ్చు.

సరిగ్గా చెవి ఆడించడం మొదలైన క్షణంలో తాకితే? ఆ ఐదు బొమ్మలూ పూర్తయ్యే దాకా ఆగాలంటే 400 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. అంతసేపు ఏమీ జరగకపోతే అవతలివారు తాము సరిగా తాకలేదనుకుని మళ్లీ తాకుతారు. రెండు తాకిళ్లూ లెక్కలోకి వచ్చి ఎద్దు రెండుసార్లు తల ఊపుతుంది. ఆగకుండా మధ్యలోనే తెంచేస్తే పైకి లేచిన చెవి తర్వాతి బొమ్మలో హఠాత్తుగా కిందికి వచ్చేస్తుంది.

దీని మీద తయారుచేసేవారిలో రెండు దృక్పథాలు ఉన్నాయి. కదలిక అందమే ముఖ్యం, కాస్త ఆలస్యమైనా అతుకు కనిపించకూడదనేది ఒకటి. వేలిని కాయిస్తే నమ్మకం పోతుంది, అతుకు కనిపించినా వెంటనే బదులివ్వాలనేది రెండోది. ఆటల తయారీ నుంచి వచ్చినవారు సాధారణంగా రెండో వైపు, సినిమా యానిమేషన్ నుంచి వచ్చినవారు మొదటి వైపు మొగ్గుతారు. రెండింటికీ న్యాయం చేసే దారి ఒకటుంది. తాకిన క్షణంలోనే గంటల చప్పుడు వినిపించాలి, బొమ్మ ఒక్క అడుగు వెనకగా రావచ్చు. చెవికి జవాబు అందింది కనుక కన్ను కాస్త ఓపిక పడుతుంది. తల ఊపే వరుసలో మొదటి బొమ్మలోనే తల కాస్త పెద్దగా పైకెత్తి ఉంటే చెవి అతుకు ఆ కదలికలో కలిసిపోతుంది.

పనులు పెరిగేకొద్దీ చిక్కు ఎలా పెరుగుతుందో చూడండి. ఎద్దుకు నిలబడటం, తల ఊపడం, కూర్చోవడం, పక్కకు తిరగడం, నడవడం అని ఐదు స్థితులు పెట్టారనుకుందాం. ఏ స్థితి నుంచైనా నేరుగా ఏ స్థితికైనా వెళ్లాలంటే ఐదు నాలుగులు ఇరవై దారులు. ఒక్కో దారికి కొన్ని మధ్య బొమ్మలు గీయాలి. అదే ప్రతిసారీ నిలబడే భంగిమ మీదుగానే వెళ్లాలని నియమం పెడితే, వెళ్లడానికి నాలుగు, రావడానికి నాలుగు, మొత్తం ఎనిమిది చాలు. పన్నెండు దారుల పని తప్పింది. ఎద్దు కూర్చున్న చోటు నుంచి నేరుగా నడవలేదు, ముందు లేచి నిలబడాలి. నిజమైన ఎద్దు చేసేదీ అదే.

పిండి గీతను కంప్యూటర్ గీస్తోందా, చెయ్యి గీసిందా?

చుక్కల ముగ్గు దగ్గర చేతిపనికి, లెక్కకు మధ్య సరిహద్దు చెరిగిపోతుంది. వేలు ఎక్కడి దాకా వెళుతుందో గీత అక్కడి దాకానే రావాలి. ప్రతి దశకూ ఒక బొమ్మ గీస్తూ పోతే అంతుండదు. కంప్యూటర్ చేత గీయిస్తే గీత వస్తుంది గాని, తీగ లాగినట్టు ఒకే మందంతో వస్తుంది. వేళ్ల సందు నుంచి పిండి జారేటప్పుడు మొదట్లో ఒత్తుగా, చివర పలచగా పడే తీరు దానికి రాదు.

వాడుకలో ఉన్న పరిష్కారం ఇది. ముగ్గు మొత్తాన్ని ముందే చేత్తో వేస్తారు. నల్ల కాగితం మీద నిజమైన బియ్యప్పిండితోనే వేసి ఫోటో తీయవచ్చు. ఆ పూర్తి ముగ్గును కార్డులో ఉంచి, దానిపై కనిపించని మూత వేస్తారు. వేలు వెళ్లే దారిలో ఆ మూత మాత్రం తొలగుతుంది. చూసేవారికి గీత తమ వేలి నుంచి జారినట్టు ఉంటుంది, నిజానికి ఎవరో ముందుగా వేసిన ముగ్గు మెల్లగా బయటపడుతోంది. కనిపించేదంతా చేతిపని, ఎప్పుడు ఎంత కనిపించాలన్నది మాత్రం లెక్క.

'సంక్రాంతి' అన్న మాట విరిగిపోయే చోటు

తెలుగులో కార్డు చేసేవారికి ఇంకో చిక్కు ఉంది. అక్షరాలు ఒక్కొక్కటిగా ప్రత్యక్షమయ్యే యానిమేషన్ చాలా సాఫ్ట్‌వేర్లలో సిద్ధంగా దొరుకుతుంది. ఇంగ్లీషు మాటకు అది చక్కగా పనిచేస్తుంది. 'సంక్రాంతి'కి పెట్టి చూస్తే వింతగా ఉంటుంది. మనం చదివేటప్పుడు అందులో సం, క్రాం, తి అని మూడు అక్షరాలు. కంప్యూటర్ దాచుకునే లెక్కలో స, సున్నా, క, పొల్లు, ర, దీర్ఘం, సున్నా, త, గుడి అని తొమ్మిది ముక్కలు. ఆ ముక్కల లెక్కన తెరపైకి వస్తే ముందు 'సంక', తర్వాత 'సంక్', ఆ తర్వాత 'సంక్ర' కనిపిస్తాయి. పొల్లు ఒక్క క్షణం కనబడి మాయమవుతుంది. రాసే చెయ్యి ఎప్పుడూ ఆ క్రమంలో వెళ్లదు.

చేతిరాతతో చేసిన కార్డుకు ఈ బాధ ఉండదు, ఎందుకంటే అక్కడ అక్షరం కూడా ఒక బొమ్మే. కలం ఏ వరుసలో వెళ్లిందో ఆ వరుసలోనే ముగ్గులాగా మూత తొలగిస్తే రాస్తున్నట్టు ఉంటుంది. ఒక నష్టం మాత్రం ఉంది. బొమ్మగా మారిన మాటను ఫోను చూపులేనివారికి చదివి వినిపించలేకపోతుంది. అందుకని అదే మాటను కనిపించకుండా మామూలు అక్షరాల్లో కూడా పేజీలో ఉంచుతారు.

ఫోను మోయగలిగేది ఎంత?

1080 పిక్సెళ్ల (తెరపై బొమ్మను కూర్చే చిన్న చుక్కల) వెడల్పు, 1920 పిక్సెళ్ల ఎత్తు ఉన్న బొమ్మ ఫైలుగా చిన్నదే కావచ్చు. ఫోను దాన్ని విప్పి చూపేటప్పుడు ఒక్కో పిక్సెల్‌కు నాలుగు బైట్ల చొప్పున దాదాపు 83 లక్షల బైట్లు, అంటే సుమారు 8 మెగాబైట్ల జ్ఞాపకశక్తి కావాలి. ఇలాంటి 24 నిండు బొమ్మలను ఒకేసారి విప్పి ఉంచితే దాదాపు 200 మెగాబైట్లు. తక్కువ ధర ఫోను అక్కడే నీరసిస్తుంది. అందుకే వాకిలి, ఇల్లు, ఆకాశం ఒకే కదలని బొమ్మగా ఉంటాయి, కదిలే భాగాన్నే కత్తిరించి వాడతారు. ఎద్దు తల 300 పిక్సెళ్ల చదరంలో సరిపోతే ఒక్కో బొమ్మకు 3,60,000 బైట్లు. పది బొమ్మలు కలిపినా నాలుగు మెగాబైట్లు కావు.

వాట్సాప్ సందేశంలో ఈ నియమాలేవీ నడవవు కనుక కార్డు లింకుగానే వెళుతుంది, తాకితే బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. సందేశంలో లింకుతోపాటు కనిపించే చిన్న బొమ్మే ఈ కార్డుకు కవరు. తెరిచాక కూడా 'తాకి తెరవండి' అని మరో మెట్టు ఎందుకుంటుందో చాలామందికి అర్థం కాదు. చూసేవారు తాకనిదే శబ్దం మొదలుపెట్టడానికి మొబైల్ బ్రౌజర్లు సాధారణంగా ఒప్పుకోవు. ఆ మొదటి తాకిడే గంటలు మోగడానికి ఇచ్చే అనుమతి.

భయం సంగతికి వస్తే, ఇలాంటి కార్డు తెరవడానికి ఏదీ ఇన్‌స్టాల్ చేయనవసరం లేదు. శుభాకాంక్షల పేరుతో ఏపీకే ఫైలు (ఫోనులో యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు) వచ్చినా, ఫోన్ నంబర్ల జాబితాకు అనుమతి అడిగినా, ఓటీపీ అడిగినా అది పండుగ కార్డు చేయవలసిన పని కాదు.

భోగిమంటకు ఒక జాగ్రత్త ఉంది. సెకనుకు మూడుసార్లకు మించి తెరలో పెద్ద భాగం మెరిసి ఆరితే కొందరికి మూర్ఛ రావచ్చు. మన మంట సెకనుకు 12 సార్లు మారుతోంది. కాబట్టి మంట ఆకారం మారాలి గాని దాని వెలుగు వాకిలంతా మిణుకుమిణుకుమనకూడదు. కదలికలు తగ్గించమని ఫోను సెట్టింగుల్లో పెట్టుకున్నవారికి ఎద్దు కదలకుండా కనిపించి, తాకితే గంట మాత్రం మోగేలా చేయవచ్చు. బ్రౌజర్ ఆ సెట్టింగును పేజీకి తెలియజేస్తుంది.

చేతిపని అని ఎంతవరకు అనవచ్చు?

ఇప్పుడు వాక్యం రాస్తే వీడియో ఇచ్చే సాధనాలు అందుబాటులోకి వచ్చాయి. వాటిని సమర్థించేవారి వాదన తేలికగా కొట్టివేయదగినది కాదు. బొమ్మ గీయడం రానివారికి కూడా తమ ఊహలోని వాకిలిని చూపించే అవకాశం దొరికింది. పైగా అచ్చు క్రిస్మస్ కార్డు పుట్టిందే చేతిపని తగ్గించుకోవడానికి. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అందరికీ పేరుపేరునా ఉత్తరాలు రాసే తీరిక లేక, జాన్ కాల్‌కాట్ హోర్స్‌లీ చేత క్రిస్మస్ బొమ్మ గీయించి వేయి ప్రతుల దాకా అచ్చు వేయించాడు. మిగిలినవి ఒక్కోటి ఒక షిల్లింగుకు అమ్మారు. ఉత్తరం రాయడమే మర్యాద అనుకున్నవారికి ఆ అచ్చుకార్డు కూడా అడ్డదారిగానే తోచి ఉండాలి.

రెండో వైపు వాదన, అందుకునేవారు చూసేది బొమ్మ ఒక్కటే కాదని. తమ కోసం ఎవరో కూర్చున్నారన్న సంగతి కూడా కార్డులో ఒక భాగమేనని. దీనికి తోడు పనికి సంబంధించిన కారణం ఒకటుంది. వీడియోగా వచ్చినదాన్ని నిలబడే ముక్కలుగా, తాకితే కదిలే ముక్కలుగా విడదీయడం కష్టం. చివరి ఫ్రేము సరిగ్గా మొదటి భంగిమకు తిరిగి రావాలి, మధ్యలో ఎక్కడైనా తెంచగలగాలి. గీసేవారికి అది మొదటినుంచీ తెలుసు కాబట్టి ఆ వీలుతోనే గీస్తారు.

ఈ రెండింటి మధ్య ఇంకో పద్ధతి ఉంది. ఎద్దు తల, మెడ, కాళ్లు విడివిడిగా ఒక్కసారి గీసి, కీళ్ల దగ్గర కలిపి, కంప్యూటర్ చేత తిప్పించడం. ప్రతి భంగిమనూ గీసేవారిలో కొందరు దీన్ని చేతి యానిమేషన్‌గా ఒప్పుకోరు. మన తోలుబొమ్మలు చేసేది ఇదే కదా. శ్రీసత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో మేకతోలును పలచగా చేసి, రంగులు వేసి, చిల్లులు పొడిచి, భుజం, మోచేయి విడిగా కత్తిరించి దారంతో కడతారు. బొమ్మ ఒక్కసారే తయారవుతుంది, కర్ర కదిపే చెయ్యి దాన్ని ఆడిస్తుంది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మలను చేతిపని కాదని ఎవరూ అనరు. నా దృష్టిలో కీళ్ల బొమ్మకు, గీసిన బొమ్మకు ఉన్న తేడా నిజాయతీలో లేదు, కదలికలో ఉంది. కీలు తిరిగినప్పుడు ఆకారం మారదు, గీసిన మెడ మాత్రం వంగుతూ కండ ముడతపడుతుంది. గంగిరెద్దు తల ఊపడానికి ఆ ముడత కావాలి. దూరంగా నడిచి వెళ్లే హరిదాసుకు అవసరం లేదు, అతనికి కీళ్లు చాలు.

పంపు అనే మీట ఎక్కడుండాలి?

చాలా కార్డుల చివర ఒక గడిలో 'షేర్' అన్న మాట ఉంటుంది. అప్పటిదాకా ఉన్న వాకిలి అక్కడ మాయమై ఫోను గుర్తొస్తుంది. సంక్రాంతిలోనే దీనికి బదులుంది. కనుమనాడు వేసే రథం ముగ్గుకు తాడులా ఒక గీత గీసి, దాన్ని పక్కింటి రథానికి కలుపుతారు, వారు ఆ తర్వాతి ఇంటికి కలుపుతారు. కార్డులో ముగ్గు పూర్తయ్యాక రథం తాడు తెర కుడి అంచు దాకా వచ్చి ఆగితే, వేలితో దాన్ని అంచు దాటించడమే పంపడం అవుతుంది. పంపినవారి పేరు లింకులోనే చేరి వెళుతుంది. అవతల తెరుచుకున్న వాకిట్లో చుక్కలు ఇంకా కలపకుండా ఉంటాయి, ఎడమ అంచు నుంచి ఒక పిండి గీత లోపలికి వచ్చి, పక్కన ఆ పేరుతో, ఆగి ఉంటుంది.